పార్క్ సిటీలో హోటల్ పేరున్న ఇల్లు కొనాలా?

డిసెంబరు చివరి వారంలో సాల్ట్ లేక్ సిటీలో విమానం దిగి, కారు అద్దెకు తీసుకుని కొండ ఎక్కితే ముప్పావు గంటలో యూటా రాష్ట్రంలోని స్కీ పట్టణం పార్క్ సిటీ చేరతారు. బే ఏరియా నుంచి, డాలస్ నుంచి వచ్చే తెలుగు కుటుంబాలకు ఇది ఇప్పుడు అలవాటైన దారే. పిల్లలను స్కీ బడిలో దింపి, పెద్దవాళ్లు హోటల్ లాబీలో నిప్పుగూడు పక్కన కాఫీ తాగుతూ కూర్చుంటారు. అక్కడే ఒక మూల గాజు పెట్టెలో భవనం నమూనా ఉంటుంది, దాని పక్కన తీయగా మాట్లాడే మనిషి ఒకరుంటారు. ఏటా ఇంత డబ్బు గదులకు పోసే బదులు ఒకటి కొనేస్తే పోలేదా అన్న ఆలోచన ఆ సోఫాలోనే పుడుతుంది. తిరుగు విమానంలో ఫోనులో లెక్కలు మొదలవుతాయి.

ఆ లెక్కల్లో సాధారణంగా హోటల్ పక్కన హోటల్‌ను పెట్టి చూస్తారు. సెయింట్ రీజిస్ మంచిదా, మాంటేజ్ మంచిదా, పెండ్రీ చవకా అని. నన్నడిగితే అది చివర చేయవలసిన పని. ఈ ఊళ్లో, ఆ పేర్ల కిందా వాటి పక్కనా, అమ్మేది ముఖ్యంగా మూడు రకాలు. మీకు ఏ రకం సరిపోతుందో ముందు తేలితే పేరు ఎంచుకోవడానికి ఒక సాయంత్రం చాలు. అది తేలకుండా పేరు ఎంచుకున్నవాళ్లు రెండో ఏడాది నుంచే అమ్మకం ఏజెంటు కోసం వెతుకుతారు.

బోర్డు ఎవరిది, గోడలు ఎవరివి

హోటల్ సేవలతో ఇళ్లు అమ్మడం పాత సంగతే. న్యూయార్క్‌లో 1927 నాటి షెర్రీ నెదర్లాండ్‌ను ఈ వరుసలో మొదటిదిగా చెబుతారు. ఇప్పుడు ఎక్కువ చోట్ల ఏర్పాటు ఇలా ఉంటుంది: భూమి, నిర్మాణం ఒక డెవలపర్‌వి, పేరు, సిబ్బంది, సేవల ప్రమాణాలు హోటల్ కంపెనీవి. పేరు వాడుకున్నందుకు డెవలపర్ రుసుము కడతాడు, దాన్ని మీ ధరలో కలుపుకుంటాడు. ఇల్లు మీ పేర రిజిస్టరవుతుంది. బోర్డు మాత్రం ఆ రెండు కంపెనీల ఒప్పందం నిలిచినంత కాలమే ఉంటుంది. టొరంటోలో ట్రంప్ పేరుతో అమ్మిన భవనం 2017లో ఆ పేరు వదులుకుని, కొంతకాలం అడిలైడ్ హోటల్ అనిపించుకుని, 2018లో సెయింట్ రీజిస్ అయింది. ఇల్లు ఉన్నచోటే ఉంది, ఇంటిపేరు మాత్రం రెండుసార్లు మారింది.

అందుకని మొదటి ప్రశ్న ఇది: హోటల్‌తో ఒప్పందం ఎన్నేళ్లది, దాన్ని ఎవరు రద్దు చేయగలరు, రద్దయితే కొత్త హోటల్ అడిగే మరమ్మతుల ఖర్చు ఎవరిది? ఇది బ్రోషరులో దొరకదు. కాండో (అపార్ట్‌మెంట్ భవనంలో సొంత ఫ్లాటు) పత్రాల కట్టలో, చాలామంది చదవకుండానే సంతకం పెట్టే చోట ఉంటుంది.

కొన్నది ఇల్లా, గదా?

మొదటి రకం కాండో హోటల్. మీరు కొనేది నిజానికి హోటల్ గదే. దస్తావేజు మీది, తాళం హోటల్ రిసెప్షన్‌ది. పార్క్ సిటీ స్కీ కేంద్రంలో కెన్యన్స్ విలేజ్ అనే చోట 2022లో తెరిచిన పెండ్రీ ఈ రకానికి దగ్గరి ఉదాహరణ. స్టూడియో నుంచి నాలుగు పడకగదుల దాకా సొంతదారులు కొనుక్కున్న యూనిట్లే అక్కడ అతిథులకు అద్దెకు తిరుగుతాయి. సామాను హోటల్ చెప్పినదే కొనాలి, సోఫా రంగు కూడా మీ ఇష్టం కాదు. కొన్నేళ్లకొకసారి అన్నీ మార్చాలంటారు, ఆ బిల్లు మీకే. మీ సొంత వస్తువులు దాచుకోవడానికి తాళమున్న ఒక అలమరా ఇస్తారు. రెండు పడకగదుల యూనిట్లలో కొన్నింటిని మధ్య తలుపు మూసి రెండు గదులుగా విడివిడిగా అద్దెకివ్వవచ్చు. అది మంచి ఏర్పాటు: ఒక వైపు మీరు ఉంటూ రెండో వైపు అద్దె తెచ్చుకోవచ్చు.

చిన్న యూనిట్లలో వంట గురించి ఒక మాట. స్టూడియో అంటే చాలాసార్లు మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్, కాఫీ యంత్రం. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి నెలరోజులు ఉంటారనీ, ఉదయాన్నే పెసరట్టు వేసుకుంటారనీ ఊహించుకుని అలాంటిది కొనకండి. పోపు వేస్తే పొగ అలారం మోగుతుంది, అంతస్తంతా బయటికి వస్తుంది.

ఇక అద్దె. ఇక్కడ కాస్త ఆగి లెక్క చూద్దాం. ఈ అంకెలు ఏ హోటల్‌వీ కావు, లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవి. రాత్రికి 1,000 డాలర్లు పలికే గది అనుకోండి. బుకింగ్ సైటు కమీషను, కార్డు రుసుము, ప్రచారం ఖర్చు తీసేస్తే 800 మిగిలిందనుకుందాం. అందులో సగం హోటల్‌ది, సగం మీది. మీకు 400. ఏడాదికి 120 రాత్రులు నిండితే 48,000. హెచ్‌ఓఏ, అంటే ఇంటి యజమానుల సంఘానికి కట్టే రుసుము, నెలకు 2,500 అయితే 30,000 అక్కడే పోయింది. ఆస్తి పన్ను, బీమా, సామాను మార్పు కోసం పక్కన పెట్టే నిధి కూడా తీశాక మిగిలేది బ్యాంకు వడ్డీకి ఆనదు. లాబీలో మాట్లాడే మనిషి మొదటి అంకె దగ్గర మొదలుపెడతాడు. మీరు చివరి అంకె నుంచి వెనక్కి రండి. రాబడి ఎంతలో ఎంత అన్న ప్రశ్నకు జవాబు ఒక్కటే: కోతలకు ముందు పంచుతారా, కోతల తరవాత పంచుతారా?

ఒక విచిత్రం గమనించండి. ఆ మనిషి అద్దె ఎంత వస్తుందో కాగితం మీద రాసి ఇవ్వడు. మర్యాద కోసం కాదు. అద్దె రాబడిని ఎర చూపి, అందరి అద్దె ఒకే కుండలో పోసి పంచే పద్ధతిలో కాండోలు అమ్మితే అది పెట్టుబడి పత్రం అమ్మినట్లే అవుతుందని అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ 1973లోనే స్పష్టం చేసింది. అందుకే అమ్మకం పత్రాల్లో 'జీవనశైలి' అన్న మాట ఎక్కువ, 'రాబడి' అన్న మాట తక్కువ. వాళ్ల వకీళ్లే రాయవద్దన్న అంకెను మీరు నోటిమాట మీద నమ్మడం దేనికి? ఇప్పటికే అక్కడ యూనిట్ ఉన్నవాళ్లు అమ్మకానికి పెట్టినప్పుడు వాళ్ల గత రెండు మూడేళ్ల అద్దె స్టేట్‌మెంట్లు అడగవచ్చు. అదే నమ్మదగిన కాగితం.

ఆ స్టేట్‌మెంట్లలో జనవరిని మాత్రం వేరుగా చూడాలి. సన్‌డాన్స్ చలనచిత్రోత్సవం దశాబ్దాల పాటు జనవరి చివర ఈ ఊళ్లోనే జరిగింది, ఆ పది రోజుల్లో గదుల ధరకు హద్దుండేది కాదు. 2027 నుంచి ఉత్సవం కొలరాడోలోని బౌల్డర్‌కు మారుతోంది. పాత జనవరి అద్దెను కొత్త సంవత్సరాల లెక్కలో వేసుకుంటే మోసపోతారు. దానికి బదులుగా ఏజెంట్లు 2034 శీతాకాల ఒలింపిక్స్ పేరెత్తుతారు. సాల్ట్ లేక్ సిటీ, యూటాకు ఆ ఆటలు ఇస్తున్నట్లు 2024 జూలైలో ప్రకటించిన మాట నిజమే. కానీ రెండున్నర వారాల సంబరం కోసం అన్ని ఏళ్ల హెచ్‌ఓఏ కట్టడం నాకైతే లెక్కకు అందదు.

అన్నింటికన్నా పెద్ద చిక్కు క్యాలెండరు. గది ధర ఆకాశానికి ఎక్కేది క్రిస్మస్ వారంలో, ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే సెలవుల్లో. మీ పిల్లలకు బడి సెలవులు ఉండేదీ అప్పుడే. ఆ వారాలు మీరు వాడుకుంటే అద్దె పోయింది. అద్దెకిస్తే మీరు వెళ్లేది మంచు కరిగి బురదయ్యే ఏప్రిల్ చివర. కొన్ని ఒప్పందాలు రద్దీ వారాల్లో సొంతదారు వాడకానికి పరిమితి కూడా పెడతాయి. ఒకే పన్నెండు రాత్రులను రెండుసార్లు అమ్ముకోలేం.

రెండో రకం హోటల్ పక్కనో, పైననో ఉండే అసలు నివాసాలు. మాంటేజ్ డీర్ వ్యాలీలో హోటల్ గదులతో పాటు ఇవి వేరుగా ఉన్నాయి. సెయింట్ రీజిస్‌లోనూ పెద్ద యూనిట్లు ఈ కోవలోకే వస్తాయి. నిండైన వంటిల్లు, బట్టలు ఉతికే యంత్రం, పిల్లల బూట్లు ఆరబెట్టుకునే చోటు ఉంటాయి. హోటల్ నుంచి శుభ్రం చేసేవాళ్లు, స్కీలు సర్ది ఇచ్చేవాళ్లు, విమానాశ్రయానికి బండి. అద్దెకివ్వడం మీ ఇష్టం. ఇది నిజంగా హాయి, నిజంగా ఖరీదు. ఏడాదికి నలభై యాభై రాత్రులు ఉండే కుటుంబానికి, అద్దె మీద ఆధారపడని కుటుంబానికి తగిన రకం. రెండు వారాలు వచ్చి పోయేవాళ్లకు మాత్రం రాత్రికి పడే ఖర్చు లెక్క వేస్తే, అదే హోటల్‌లో అతి పెద్ద సూట్ తీసుకున్నా చవకే.

మూడో రకం గురించి గాజు పెట్టె దగ్గర ఎవరూ చెప్పరు: ఏ హోటల్ పేరూ లేని పక్క కాండో. డీర్ వ్యాలీలోని సిల్వర్ లేక్ చుట్టూ, ఎంపైర్ పాస్‌లో, ఇటు కెన్యన్స్ విలేజ్‌లో ఇలాంటివి ఎన్నో ఉన్నాయి. అదే మంచు, అదే లిఫ్టు, తక్కువ హెచ్‌ఓఏ, మీకు నచ్చిన సోఫా. స్థానిక నిర్వాహకుడిని పెట్టుకుని అద్దెకివ్వవచ్చు, నచ్చకపోతే మార్చవచ్చు. హోటల్ చేతిలో ఉన్నప్పుడు ఆ మార్పు మీ వల్ల కాదు. ఒక జాగ్రత్త: రోజువారీ అద్దెకు పార్క్ సిటీలో అన్ని పేటల్లోనూ అనుమతి లేదు, కొన్ని సంఘాలు సొంతంగానూ నిషేధిస్తాయి. కొనే ముందు ఆ వీధి జోనింగ్, సంఘం నియమాలు రెండూ చూసుకోవాలి. సాయంత్రం షాంపేన్ సీసాను కత్తితో ఎగరగొట్టే సెయింట్ రీజిస్ వేడుక చూడాలనిపిస్తే, అక్కడికి వెళ్లి ఒక పానీయం కొనుక్కుంటే సరిపోతుంది.

వాటాలు, టైమ్ షేర్ల (ఏడాదిలో కొద్ది రోజుల వాడకం హక్కు మాత్రమే కొనడం) సంగతి పొడిగా చెప్పి వదిలేస్తాను. మారియట్‌కు ఈ ఊళ్లో మౌంటెన్‌సైడ్, సమిట్ వాచ్ అని రెండు ఉన్నాయి. కావాలంటే కంపెనీ దగ్గర కొత్తది కొనకండి, పాత సొంతదారు అమ్ముతున్నది చూడండి. ధరలో తేడా చూసి మీరే ఆశ్చర్యపోతారు.

ఏ కొండ?

ఈ ఊళ్లో రెండు స్కీ కేంద్రాలు. డీర్ వ్యాలీ 1981లో మొదలైంది, ఇప్పుడు ఆల్టెరా కంపెనీ చేతిలో ఉంది, అక్కడ ఐకాన్ పాస్ (చాలా స్కీ కేంద్రాల్లో పనికొచ్చే సీజను టికెట్టు) చెల్లుతుంది. పార్క్ సిటీ మౌంటెన్ అనే రెండోది వేల్ రిసార్ట్స్ కంపెనీది, అక్కడ అలాంటిదే ఎపిక్ పాస్. 2015లో పక్కనున్న కెన్యన్స్‌ను దీనికి గొండోలాతో కలిపారు. మొత్తం 7,300 ఎకరాలు. మీ స్నేహితుల దగ్గర ఏ పాస్ ఉందో అడిగి తెలుసుకోండి. ఇంటి కన్నా ముందు అదే తేల్చాలి.

ఇంకోటి. డీర్ వ్యాలీలో స్నోబోర్డుకు అనుమతి లేదు. అమెరికాలో అలా నిషేధించిన కేంద్రాలు మూడే, అందులో రెండు యూటాలోనే ఉన్నాయి. పన్నెండేళ్ల అబ్బాయి స్కీలు విసిరేసి బోర్డు కావాలని మారాం చేసే రోజు వస్తే, గుమ్మం నుంచే మంచులోకి జారే మీ ఇల్లు వాడికి పనికిరాదు. కుటుంబంలో ఒక్కరికైనా బోర్డు మీద మనసుంటే నేనైతే కెన్యన్స్ వైపే చూస్తాను: పెండ్రీ గానీ, వాల్డార్ఫ్ ఆస్టోరియా గానీ, వాటి పక్కనున్న పేరులేని కాండో గానీ.

అటు చిక్కులూ ఉన్నాయి. 2024 డిసెంబరు 27న పార్క్ సిటీ మౌంటెన్‌లో వాలుల భద్రత చూసే స్కీ పెట్రోల్ సిబ్బంది సమ్మెకు దిగారు, జనవరి 8న గానీ అది ముగియలేదు. సరిగ్గా ఏడాదిలో గిరాకీ గరిష్ఠంగా ఉండే రోజుల్లో వాలులు మూతపడి, లిఫ్టుల దగ్గర బారులు తీరాయి. హోటల్ ఎంత గొప్పదైనా కొండ వేరొకరిది.

డీర్ వ్యాలీలో ఎత్తు పెరిగేకొద్దీ ఇల్లు మారుతుంది. సెయింట్ రీజిస్ 2009లో వచ్చింది. కింది నుంచి దానికి పట్టాల మీద నడిచే ఫ్యూనిక్యులర్ ఉంది, పిల్లలు దానికోసమే పైకీ కిందికీ తిరుగుతారు. సిల్వర్ లేక్ దగ్గర 1982 నాటి స్టీన్ ఎరిక్సన్ లాడ్జ్. దీనికి గొలుసు హోటళ్ల పేరు లేదు. 1952 ఓస్లో ఒలింపిక్స్‌లో జెయింట్ స్లాలమ్ బంగారు పతకం గెలిచిన నార్వే వీరుడి పేరు పెట్టుకుంది. పాత కుటుంబాలు దీన్ని వదలవు, నాకూ ఈ ఊళ్లో హోటల్ అంటే ఇదే. ఇంకా పైన, ఎంపైర్ పాస్‌లో, ఒకప్పటి వెండి గని స్థలంలో 2010లో తెరిచిన మాంటేజ్. దృశ్యం అద్భుతం. కానీ ప్రతి పాల ప్యాకెట్టుకూ మార్సాక్ రోడ్డు వంపుల్లో దిగి రావాలి. ఇక్కడ ఎత్తు 8,000 అడుగుల పైమాటే. డెబ్బై దాటిన తల్లిదండ్రులు విజయవాడ నుంచి వచ్చి మొదటి రాత్రే ఇక్కడ పడుకుంటే తలనొప్పి, నిద్రలేమి మామూలు. గుండె, ఊపిరితిత్తుల సమస్య ఉంటే వైద్యుడిని అడిగే రావాలి. మెయిన్ స్ట్రీట్ దగ్గరి ఇల్లు అయితే ఊరి బస్సులు ఉచితం, పెద్దవాళ్లు కారు లేకుండా తిరగవచ్చు.

కొత్తగా మోగిపోతున్న పేరు ఈస్ట్ విలేజ్. జోర్డనెల్ జలాశయం వైపున డీర్ వ్యాలీ తన వాలులను రెండు రెట్లకు పైగా, 5,700 ఎకరాలకు పెంచే పనిలో ఉంది. అక్కడ గ్రాండ్ హయత్ 2024 చివర తెరుచుకుంది. ఫోర్ సీజన్స్‌తో సహా మరికొన్ని పేర్లు నివాసాలు ప్రకటించాయి. విమానాశ్రయం నుంచి వచ్చే కారు ఊరి రద్దీలోకి వెళ్లకుండా నేరుగా అక్కడ దిగవచ్చు. అయితే అది పార్క్ సిటీ ఊరిలో భాగం కాదు, ఆ ఊరున్న సమిట్ కౌంటీలోనూ లేదు. వాసాచ్ కౌంటీలో ఉంది. పన్ను రేట్లు వేరు. మెయిన్ స్ట్రీట్‌లో నడిచి భోజనానికి వెళ్లే సరదా ఉండదు. కట్టకముందే కొంటున్నవాళ్లు మరొకటి గుర్తుంచుకోవాలి: చుట్టూ వచ్చే ప్రతి కొత్త భవనం రేపు మీ అద్దెకు పోటీ.

పన్ను, అప్పు

యూటాలో ఏడాదంతా నివసించే ఇంటికి విలువలో 45 శాతం ఆస్తి పన్ను నుంచి మినహాయింపు ఉంది. సెలవుల ఇంటికి అది వర్తించదు. పక్కింటి వాళ్లు 55 శాతం విలువ మీద కట్టేచోట మీరు నూరు శాతం మీద కడతారు. ఇల్లు చేతులు మారేటప్పుడు బదిలీ పన్ను మాత్రం లేదు. కొలరాడోలోని వేల్‌లో అయితే ధరలో 1 శాతం పట్టణానికి చెల్లించాలి. మరో విశేషం, యూటాలో అమ్మకం ధర ప్రభుత్వ రికార్డుల్లోకి ఎక్కదు. ఇంటర్నెట్‌లో కనిపించే అంచనాలకు ఇక్కడ పునాది పలచన. నిజమైన ధరలు ఏజెంట్ల జాబితాలో ఉంటాయి కాబట్టి, డెవలపర్ మనిషితో కాక మీ తరఫున పనిచేసే ఏజెంటుతో వెళ్లండి.

బ్యాంకులు ఇచ్చిన గృహరుణాలను కొనే సంస్థ ఫ్యానీ మే, కాండో హోటల్‌కు ఇచ్చిన అప్పులను కొనదు. దాంతో మామూలు గృహరుణం దొరకదు. ఇచ్చిన అప్పును ఎవరికీ అమ్మకుండా తన దగ్గరే ఉంచుకునే బ్యాంకును వెతుక్కోవాలి, ముందు కట్టే సొమ్ము ఎక్కువ, వడ్డీ ఎక్కువ. మీరు నగదుతో కొన్నా ఈ ఇబ్బంది తప్పదు, ఎందుకంటే రేపు మీ దగ్గర కొనేవాడికి అప్పు కావాలి. రెండో ఇంటి వడ్డీ మీద పన్ను తగ్గింపు ఉందని కొందరు ధైర్యం చెబుతారు. ఆ తగ్గింపు రెండిళ్లకూ కలిపి 7,50,000 డాలర్ల అప్పు వరకే. ఫ్రీమాంట్‌లో మొదటి ఇంటి అప్పే ఆ గీత దాటినవాళ్లకు మిగిలేది సున్నా.

తక్కువ రోజుల అద్దె ఇంటి నష్టాన్ని చూపి జీతం మీద పన్ను తగ్గించుకోవచ్చన్న వీడియోలు మన వాట్సాప్ బృందాల్లో తెగ తిరుగుతున్నాయి. సగటు బస ఏడు రోజులు మించకపోతే ఆ దారి ఉన్న మాట నిజం. కానీ ఇంటి నిర్వహణలో మీరే స్వయంగా, గంటల లెక్కన పాలుపంచుకోవాలి. దుప్పటి మార్చడం దగ్గర నుంచి ధర నిర్ణయించడం దాకా హోటలే చేసేచోట ఆ గంటలు ఎక్కడి నుంచి తెస్తారు? పైగా మీరు వాడుకున్న రోజులు 14 కన్నా, లేదా అద్దెకిచ్చిన రోజుల్లో పదో వంతు కన్నా, ఏది ఎక్కువైతే దాన్ని మించితే చట్టం దాన్ని నివాసంగా చూస్తుంది, నష్టాలకు కట్టడి పడుతుంది. ఈ ఒక్క కారణానికే మూడో రకం వైపు మొగ్గే సాఫ్ట్‌వేర్ దంపతులు ఉన్నారు, వాళ్ల లెక్క సరైనదే.

హైదరాబాద్‌లోనే ఉంటూ కొనాలనుకునేవారికి దారి ఇంకా ఇరుకు. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకే పంపగలరు. ఏడాదికి పది లక్షల రూపాయలు దాటిన సొమ్ము మీద 20 శాతం టీసీఎస్ అనే పన్ను ముందుగానే పట్టుకుంటారు, దాన్ని తరవాత రిటర్నులో సర్దుకోవాలి. ఇంటిల్లిపాదీ కలిసి పంపినా పెద్ద యూనిట్ ధర చేరడానికి ఏళ్లు పడుతుంది. భారతీయ రిటర్నులో ఆ ఇంటిని విదేశీ ఆస్తుల పట్టికలో చూపాలి. అమ్మేటప్పుడు అమెరికా ప్రభుత్వం కోసం అమ్మకం ధరలో 15 శాతం ముందే ఆపుతారు. అన్నింటికన్నా తక్కువ మంది ఊహించేది వారసత్వ పన్ను: అమెరికాలో స్థిరనివాసం లేని విదేశీయుడు మరణిస్తే అక్కడి ఆస్తిలో 60,000 డాలర్లకే మినహాయింపు, ఆ పైన 40 శాతం దాకా పన్ను. భారత్‌కు అమెరికాతో దీనిమీద ఒప్పందం కూడా లేదు. వకీలును అడగకుండా నేరుగా సొంత పేరుతో కొనడం సాహసం.

ఎంచుకునే ముందు ఒక ప్రయాణం

ఏడాదికి రెండు వారాలకు మించి వెళ్లని కుటుంబానికి నా సలహా కొనవద్దనే: హెచ్‌ఓఏ కట్టే డబ్బుతోనే ఏటా కొత్త హోటల్ చూడవచ్చు. నెల పైగా ఉంటూ, పిల్లలు స్కీయింగ్‌లో పోటీల దాకా వెళుతుంటే పేరులేని కాండో. డబ్బుకు వెనకాడని, ఇంటి పని ఏదీ పట్టించుకోదలచని వారికి హోటల్ నివాసం. కాండో హోటల్ యూనిట్ నేను సిఫారసు చేసేది ఒక్క సందర్భంలోనే: పాత స్టేట్‌మెంట్లు చేతిలో ఉండి, నగదుతో కొంటూ, క్రిస్మస్‌కు ఇండియా వెళ్లే అలవాటున్న వారికి.

ఏ రకమైనా సంతకానికి ముందు మే నెలలో ఒకసారి ఆ భవనంలోనే రెండు రాత్రులు ఉండి రండి. లిఫ్టులు ఆగిపోయి ఉంటాయి, రెస్టారెంట్లలో కొన్ని మూసి ఉంటాయి, దారి పక్కన మంచు నల్లగా కరుగుతుంటుంది. గది ధర శీతాకాలంలో చూసిన దానిలో చిన్న ముక్క. సంఘం కార్యాలయానికి వెళ్లి గత సర్వసభ్య సమావేశం మినిట్స్, నిల్వ నిధి నివేదిక, గత ఐదేళ్లలో వేసిన ప్రత్యేక వసూళ్ల జాబితా అడగండి. ఆ నెలలో అక్కడ పనివాళ్లకు తీరిక ఎక్కువ, మాట కూడా దాచుకోరు.